ఈతకు టీసీ ఉండదు

నాన్నకు బదిలీ ఆర్డరు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ముందుగా బీరువాలోంచి బయటికి వచ్చేది ఒక నీలం ఫైలు. అందులో మా టీసీలు, మార్కుల జాబితాలు, టీకాల కార్డులు, జనన ధ్రువీకరణ పత్రాలు ఉంటాయి. కొత్త ఊరి విద్యాలయంలో ఆ ఫైలు తెరిస్తే చాలు, ఆరో తరగతి వాడు ఆరో తరగతిలోనే కూర్చుంటాడు. విశాఖలో చదివిన భిన్నాలు భోపాల్‌లో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, పుస్తకం ఒకటే కనుక. ఈతకు మాత్రం అలాంటి కాగితం లేదు. ఉందనే మేమూ అనుకున్నాం. అలా అనుకోవడం వల్ల ఏమైందో, ఆ తరువాత మేము ఏం తెలుసుకున్నామో చెప్పడానికే ఈ వ్యాసం.

మేమంటే అక్కాతమ్ముళ్ళం. అక్కది తొమ్మిదో తరగతి, తమ్ముడిది ఆరు. ఇప్పటికి మూడు ఊళ్ళలో, మూడు కొలనుల్లో ఈత నేర్చుకున్నాం. ఒక చోట లెవెల్ 1 నుంచి 6 దాకా అంకెలు. ఇంకో చోట బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడే మెట్లు. మరో చోట పేర్లేమీ లేవు. మూడడుగుల బ్యాచ్, నాలుగడుగుల బ్యాచ్, లోతు బ్యాచ్, అంతే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మూడో పద్ధతే అన్నిటికంటే నిజాయితీ గలదనిపిస్తుంది. నీకు ఏం వచ్చో చెప్పకపోయినా, నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావో అది చెబుతుంది.

తమ్ముడు నాలుగో తరగతిలో ఉన్నప్పటి సంగతి ఇది. పాత ఊళ్ళో వేసవి శిబిరం చివర ఇచ్చిన సర్టిఫికెట్ మీద "లెవెల్ 3 పూర్తి" అని రాసి ఉంది. కొత్త ఊళ్ళో నాన్న ఆ కాగితం చూపించగానే లోతు వైపు ఈదే బ్యాచ్‌లో వాడి పేరు రాసేశారు. ఎందుకంటే అక్కడ లెవెల్ 3 అంటే లోతు నీళ్ళలో దూకి, ఈదుకుంటూ గట్టుకు రాగలవాళ్ళు. మా పాత చోట లెవెల్ 3 అంటే నాలుగడుగుల నీళ్ళలో పదిహేను మీటర్లు ఫ్రీస్టైల్. ఆ పదిహేను మీటర్ల చివర వాడు ప్రతిసారీ కాలు కింద ఆనించి నిలబడేవాడు. ఈత ఆపడమంటే నిలబడడమే అని వాడి ఒంటికి అలవాటైపోయింది. ఆ అలవాటు ఉందని వాడికీ తెలియదు, మాకూ తెలియదు.

ఆ రోజు వాడు దూకాడు, పైకి వచ్చాడు, నాలుగైదు బారలు వేశాడు. ఊపిరి అందలేదు. అలవాటు ప్రకారం కాలు కిందికి చాపాడు. కింద ఏమీ లేదు.

వాడు అరవలేదు. అక్క గట్టు మీద తన వంతు కోసం నిలబడి అటే చూస్తోంది. వాడి తల వెనక్కి వాలి ఉంది. నోరు ఒకసారి నీటి పైకి, ఒకసారి నీటి కిందికి. చేతులు రెండూ పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతున్నాడు. ఏదో ఆట ఆడుతున్నాడనుకుంది ఒక క్షణం. తరువాత వాడి కళ్ళు చూసి కేక వేసింది. లైఫ్‌గార్డు పొడవాటి కర్ర అందించి లాగారు. మొత్తం అర నిమిషం కూడా పట్టలేదు. వాడు నాలుగు గుక్కల నీళ్ళు మింగాడు, అంతకంటే ఏమీ కాలేదు. నాన్న ఎవరినీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "ఆ కాగితం వాళ్ళ చేతికి ఇచ్చింది నేనే కదా" అని ఒక్కసారి అన్నారు. తమ్ముడు రెండు నెలలు నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు.

సినిమాల్లో మునిగిపోయేవాళ్ళు చేతులు ఊపుతూ "కాపాడండి" అని అరుస్తారు. అసలు సంగతి వేరు. అరవాలంటే ముందు ఊపిరి ఉండాలి. దొరికిన ఆ చిటికెడు సమయం ఊపిరి పీల్చుకోవడానికే చాలదు, ఇక మాటెక్కడిది? చేతులేమో తలను పైన ఉంచడానికి నీటిని నొక్కుతూనే ఉంటాయి కనుక ఊపడానికి ఖాళీ ఉండవు. అందుకే మునగడం చాలాసార్లు చప్పుడు లేకుండా జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3,00,000 మంది నీట మునిగి చనిపోయారు.

ఆ తరువాతి ఊళ్ళో మాకు దొరికిన కోచ్ సర్ సర్టిఫికెట్ అడగలేదు. "కాగజ్ రహనే దో, పానీ మే దిఖావో" అన్నారు. కాగితం సంగతి వదిలెయ్, నీళ్ళలో చూపించు అని. మూడడుగుల నీళ్ళలోనే ఇరవై నిమిషాలు ఇద్దరినీ పరీక్షించారు. మెట్లు ఏమిటో, ఒకదాని మీద ఒకటి ఎందుకు కూర్చుంటాయో మాకు అర్థమైంది అప్పుడే.

మొదటి మెట్టు ఈత కాదు, ఊపిరి. ముఖం నీళ్ళలో పెట్టి ముక్కుతోనో నోటితోనో బుడగలు వదలడం, తల ఎత్తి పీల్చుకోవడం. చూడడానికి చంటిపిల్లల ఆటలా ఉంటుంది. అందుకే పెద్ద తరగతుల పిల్లలు ఇది చేయడానికి సిగ్గుపడతారు, అక్క కూడా పడింది. కానీ ఈతలో ఇరుక్కుపోయిన వాళ్ళలో చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల బయటికి రాగానే పాత గాలి వదిలి కొత్త గాలి పీల్చాలని చూస్తారు. ఆ అర సెకనులో రెండు పనులూ కావు. సగం వదిలి సగం పీల్చుకుంటారు. నాలుగు బారలకల్లా రొప్పు వస్తుంది. చేతులకు బలం లేదనుకుంటారు గాని తప్పు ముక్కు దగ్గర ఉంది. తమ్ముడి నాలుగైదు బారల రహస్యం ఇదే. నీటి లోపల వదలాలి, బయట పీల్చడం ఒక్కటే చేయాలి. ఏ ఊరు వెళ్ళినా కోచ్‌లు రోజుకు వంద సార్లు అనే మాట ఇదే. విశాఖలో "ఊపిరి వదులు", ఉత్తరాన "సాన్స్ ఛోడో".

రెండోది తేలడం. మన శరీరం బరువూ, అంతే చోటు పట్టే నీటి బరువూ దాదాపు సమానం. ఊపిరి నిండా పీల్చుకుంటే చాలామంది తేలతారు. పూర్తిగా వదిలేస్తే చాలామంది మెల్లగా కిందికి దిగుతారు. ఆర్కిమిడీస్ సూత్రం తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో చదివేటప్పటికి అక్క దాన్ని ఎప్పుడో ఒంటితో చేసి చూసింది. మోకాళ్ళను కౌగలించుకుని గడ్డం లోపలికి పెట్టి ఉండచుట్టుకుంటే తాబేలు డిప్పలాగా వీపు పైకి తేలుతుంది. దీన్నే కొందరు మష్రూమ్ ఫ్లోట్ అంటారు. తరువాత బోర్లా, ఆ తరువాత వెల్లకిలా తేలడం. వెల్లకిలా పడుకున్నప్పుడు కాళ్ళు మునుగుతున్నాయని భయపడనక్కర్లేదు. గాలి ఉండేది ఛాతీలో, కాళ్ళలో కాదు. అందుకే పైభాగం తేలి కాళ్ళు కిందికి జారతాయి. చేతులు తల పైకి చాస్తే కొంత సరి అవుతుంది. సముద్రపు నీటిలో ఉప్పు ఉంటుంది కనుక అది మంచినీటి కంటే కొంచెం బరువు, అందులో తేలడం ఇంకొంచెం సులువు. అలాగని విశాఖ బీచ్‌లో ఈ ప్రయోగం చేయకండి. అక్కడి అలలు లోపలికి లాగే తీరు వేరు, అది కొలను విద్యార్థుల పని కాదు.

తేలడం లోపలే ఇంకో విద్య దాగి ఉంది. దానికి ఏ సర్టిఫికెట్‌లోనూ పేరు చూడలేదు. తేలుతున్న స్థితి నుంచి లేచి నిలబడడం. బోర్లా తేలుతున్నప్పుడు నిలబడాలంటే ముందు తల ఎత్తాలనిపిస్తుంది. తల ఎత్తితే కాళ్ళు సాయపడవు, ఒళ్ళు వంకరగా తిరిగి నీళ్ళు మింగుతాం. సరైన వరస ఇది. మోకాళ్ళు పొట్ట దగ్గరికి లాక్కోవాలి, చాచిన చేతులతో నీటిని కిందికి నొక్కాలి, ఒళ్ళు నిటారు అయ్యాక చివరగా తల ఎత్తాలి. చిన్నపిల్లలకు ఇది రాకముందే చేయి వదిలేస్తే, నడుము లోతు నీళ్ళలో కూడా వాళ్ళు కంగారుపడిపోతారు. మా కోచ్ సర్ తమ్ముడి చేత మొదటి రోజు ఇదే పన్నెండు సార్లు చేయించారు.

ఆ తరువాత గోడను తన్ని బాణంలా జారడం, కిక్‌బోర్డు పట్టుకుని కాళ్ళు కొట్టడం. సైకిలు తొక్కినట్టు మోకాళ్ళు వంచి కొడితే నీళ్ళు చిందుతాయి గాని ముందుకు పోము. తొడ మొదలు నుంచి కాలు కదలాలి, పాదం వదులుగా ఉండాలి. ఇక్కడ పెద్దగా చెప్పడానికేమీ లేదు, వారాల తరబడి కొడుతూ ఉండడమే. విసుగు పుట్టించే మెట్టు ఇదొక్కటే.

ఆపైన ఫ్రీస్టైల్ బార, పక్కకు తిరిగి ఊపిరి తీయడం. ఊపిరి కోసం తలను పైకి ఎత్తకూడదు, ఒంటితో పాటు పక్కకు దొర్లించాలి. పెద్దవాళ్ళ తల సుమారు అయిదు కిలోల బరువుంటుంది. దాన్ని నీటి పైకి ఎత్తితే తక్కెడలా అటువైపు నడుము, కాళ్ళు దిగిపోతాయి. ఒక చెవి నీళ్ళలోనే ఉండాలని గుర్తు పెట్టుకుంటే చాలు. దీని తరువాత వెల్లకిల ఈత, అదే బ్యాక్‌స్ట్రోక్. తరువాత కప్పలా కాళ్ళు విసిరే బ్రెస్ట్‌స్ట్రోక్. అన్నిటికంటే చివర బటర్‌ఫ్లై. ఈ వరస అన్ని దేశాల్లో ఒకేలా లేదు. నెదర్లాండ్స్‌లో పిల్లలు ముందు బ్రెస్ట్‌స్ట్రోక్ నేర్చుకుంటారు. అక్కడ ఎ, బి, సి అని మూడు డిప్లొమాలున్నాయి, పరీక్షలో కొంత భాగం మామూలు బట్టలతోనే ఈదాలి. ఊరంతా కాలువలున్న దేశం మరి. కాలువలో పడేవాడు స్విమ్మింగ్ కాస్ట్యూమ్ వేసుకుని పడడు కదా.

కాలువ అంటే మా తాతయ్య గుర్తొస్తారు. ఆయనది కోనసీమ. లెవెళ్ళూ లేవు, కోచ్‌లూ లేరు, కానీ మెట్లు మాత్రం ఉన్నాయి. ముందు రేవులో కింది మెట్టు పట్టుకుని కాళ్ళు కొట్టాలి. తరువాత చంక కింద అరటి బోదె పెట్టుకుని పెద్దన్నయ్య పక్కన పోవాలి. వాళ్ళు చెప్పకుండా బోదె లాగేస్తారు. అది పరీక్ష. తరువాత నీరు పారే వాటానికి ఏటవాలుగా ఈది అవతలి గట్టు చేరాలి, ఎదురీదితే అలసిపోతారు. ఆఖరిది నిలువీత, అంటే ఉన్నచోటే నిటారుగా తేలుతూ ఉండడం. ఆయన చెయ్యి పైకెత్తి పంచె పొడిగా అవతలికి తీసుకుపోయేవారట, ఇది ఎంతవరకు నిజమో నాయనమ్మనే అడగాలి. మొన్న సెలవుల్లో ఆయన్ను మా కొలనుకు తీసుకెళ్ళాం. ముఖం నీళ్ళలో పెట్టి బుడగలు వదలమంటే, "ఇదేం విద్యరా" అని ఒప్పుకోలేదు. మా పట్టిక ప్రకారం ఆయన లెవెల్ 1 కూడా దాటలేదు. కానీ లోతు నీళ్ళలో మాతో కబుర్లు చెబుతూ పావుగంట నిలువీత వేశారు. ఆ రోజు మా బ్యాచ్‌లో అంతసేపు ఉండగలిగినవాళ్ళు ఎవరూ లేరు. అలాగని బోదె లాగేసే పద్ధతి మంచిదని మేము అనం. అలా నేర్చుకోలేకపోయిన వాళ్ళ కథలు రేవుల దగ్గర చెప్పుకోరు.

తాతయ్య నిలువీతే మా ప్రశ్నకు జవాబు. లెవెళ్ళ అంకెలు ఎక్కువగా ఎన్ని రకాల ఈతలు వచ్చో, ఎంత దూరం వచ్చో లెక్కపెడతాయి. అనుకోకుండా నీళ్ళలో పడ్డవాడికి కావలసింది వేరే. అమెరికా రెడ్‌క్రాస్ వాళ్ళు దీన్ని అయిదు పనులుగా చెబుతారు. తల మునిగేంత నీళ్ళలో దూకి పైకి రావాలి. ఒక నిమిషం తేలుతూనో నిలువీత వేస్తూనో ఉండాలి. గుండ్రంగా తిరిగి బయటపడే దారి వెతుక్కోవాలి. 25 గజాలు ఈది అక్కడికి చేరాలి. నిచ్చెన లేకుండా పైకి ఎక్కాలి. ఇవన్నీ ఆగకుండా, ఒకదాని వెంట ఒకటి. ఇందులో ఏ ఈత వేయాలో చెప్పలేదు, కుక్కలా ఈదినా సరే. తమ్ముడికి ఆనాడు 15 మీటర్ల ఫ్రీస్టైల్ వచ్చు, ఈ అయిదింటిలో ఒక్కటీ పూర్తిగా రాదు.

మన పొరుగున బంగ్లాదేశ్‌లో ఈ సంగతి చాలా ముందే గ్రహించారు. ఇంటింటికీ చెరువున్న పల్లెలవి, అక్కడ నీట మునగడం పిల్లల ప్రాణాలు తీసే పెద్ద కారణాల్లో ఒకటి. స్విమ్‌సేఫ్ అనే కార్యక్రమంలో కొలనులు కట్టకుండా చెరువులోనే వెదురుతో వేదిక కట్టి, దాని లోపల పిల్లలకు నేర్పుతారు. చివరి పరీక్ష 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలడం, ఆపదలో ఉన్నవాళ్ళకు గట్టు మీదినుంచే సాయం అందించడం. పతకాలు తేవడం దాని ఉద్దేశం కాదు. జులై 25ను ప్రపంచ నీటి మునక నివారణ దినంగా ఐక్యరాజ్య సమితి 2021లో ప్రకటించిందంటే అందుకు చొరవ చూపిన దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. చెరువూ నదీ పతకాలకు పనికిరావని కాదులెండి. 1959లో ఇంగ్లిష్ చానెల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆరతీ సాహా చిన్నప్పుడు ఈత మొదలుపెట్టింది కోల్‌కతాలో హుగ్లీ నది మెట్ల దగ్గరే.

ఇక మనలాంటి వాళ్ళ సంగతి. బదిలీల పిల్లలకు మెట్లు కిందికి కూడా కదులుతాయి. ఢిల్లీ లాంటి ఊళ్ళలో చాలా కొలనులు చలికాలం మూసేస్తారు. అక్టోబరులో వదిలిన ఈత మళ్ళీ ఏప్రిల్‌లోనే. మధ్యలో బదిలీ పడితే ఏడాది పోతుంది. ఆ ఏడాదిలో మనం అరచేయి పొడుగు పెరుగుతాం, కాళ్ళ బరువు మారుతుంది, తేలే తీరు మారుతుంది. పాత చోట నాలుగడుగుల్లో ఈదినవాడు కొత్త చోట అదే నాలుగడుగులు అనుకుంటాడు. కొన్ని కొలనుల్లో నేల ఏటవాలుగా దిగిపోతుంది, నాలుగు బారల తరువాత అడుగు అందదు. అందుకని దిగే ముందు గట్టు మీద రాసిన లోతు అంకెలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చదువుతాం. అంకెలు చెరిగిపోయి ఉంటే కోచ్‌ను అడుగుతాం. "తెలీదా?" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మేము మూడో ఊళ్ళో ఉన్నవాళ్ళం, మాకు నిజంగానే తెలీదు.

కాగితం కూడా మార్చుకున్నాం. ఇప్పుడు నీలం ఫైలులో సర్టిఫికెట్ల వెనక ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. అందులో లెవెల్ అన్న మాట రాయం. ఏం చేయగలమో, ఎంత లోతులో, ఎప్పుడు, ఇవే రాస్తాం. తమ్ముడి మొదటి పేజీ ఇలా ఉంది: "నాలుగడుగుల నీళ్ళు. ఫ్రీస్టైల్ 15 మీటర్లు, మధ్యలో మూడు ఊపిర్లు. వెల్లకిలా తేలడం 20 సెకన్లు. లోతు నీళ్ళు: ఎప్పుడూ చేయలేదు." ఆ చివరి వాక్యమే ముఖ్యమైనది. సర్టిఫికెట్ వచ్చినదే చెబుతుంది, రానిది చెప్పదు. కొత్త కోచ్‌కు మొదటి రోజు అదే చూపించి, అయినా తక్కువ లోతులో ఒకసారి పరీక్షించమని మేమే అడుగుతాం. ఒక మెట్టు కింద బ్యాచ్‌లో పడేస్తారని భయం ఉంటుంది. పడేస్తారు కూడా. మా అనుభవంలో రెండు వారాలకు మించి ఉంచలేదు. అక్కను ఒకసారి రెండో తరగతి పిల్లల పక్కన బుడగలు వదలమన్నారు. ఆ రెండు వారాలు అమ్మకు కూడా చెప్పలేదు.

తమ్ముడు మళ్ళీ నీళ్ళలో దిగిన కథ ఇంకొంచెం ఉంది. రెండు నెలల తరువాత వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు, దిగలేదు. సర్ బలవంతపెట్టలేదు. మూడో రోజు మొహం కడుక్కోవడానికన్నట్టు దిగాడు. లోతు వైపుకు వెళ్ళడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. మొదటిసారి గోడ అంచు పట్టుకుని, ఒక చేయి వదిలి, మళ్ళీ పట్టుకుని. తరువాత అంచుకు అరచేయి దూరంలో, అక్క పక్కనే గోడ పట్టుకుని ఉండగా, పది సెకన్లు. "కింద నేల లేదని ముందే తెలిస్తే ఇంత భయం లేదు" అన్నాడు ఆ రోజు.

ఈ మార్చిలో నాన్నకు మళ్ళీ ఆర్డరు వచ్చింది. ఈసారి తూర్పు వైపు, కొలను ఉందో లేదో ఇంకా తెలియదు. నీలం ఫైలు బయటికి తీశారు. నోటుపుస్తకంలో చివరి పేజీ మొన్న ఆదివారం రాసింది. "తమ్ముడు: లోతు నీళ్ళు, దూకి పైకి రావడం సరే. నిలువీత 1 నిమిషం 10 సెకన్లు. 25 మీటర్లు ఆగకుండా. నిచ్చెన లేకుండా ఎక్కడం రెండుసార్లలో ఒకసారి. అక్క: బ్రెస్ట్‌స్ట్రోక్ కాళ్ళు ఇంకా కుదరలేదు."